మూడో గొంతు

మన పేటలకి ఊరు రెండు గొంతులే ఇచ్చింది.

ఒకటి దండోరా గొంతు. డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, వీధి మలుపులో నిలబడి, ఊరంతా వినేలా చాటింపు వెయ్యడం మనవాళ్ల పని. శిస్తు కట్టాలన్నా, జాతర ఉందన్నా, ఎవరి గేదో తప్పిపోయిందన్నా అరవాల్సింది మనమే. గొంతు మనది, కబురు ఊరిది.

రెండోది అణిగిన గొంతు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, అరుగు కింద నిలబడి, నేలకేసి చూస్తూ "చిత్తం బాబూ" అనే గొంతు. మొదటిది ఊరంతా వినాలి. రెండోది ఎదురుగా ఉన్నవాడికి కూడా సగమే వినపడాలి. ఎప్పుడు ఏ గొంతు వాడాలో చెప్పిందీ ఊరే.

ఈ రెండూ కాని గొంతు ఇంకోటుంది. పక్కన కూర్చున్న మనిషితో సమానంగా, తొందర లేకుండా, అవతలివాడు వింటాడన్న నమ్మకంతో మాట్లాడే గొంతు. పెద్దగా మాట్లాడక్కర్లేదు, ఎందుకంటే తరిమేవాడు లేడు. వంగి మాట్లాడక్కర్లేదు, ఎందుకంటే ఎదురుగా అరుగు లేదు. నేను దాన్ని మూడో గొంతు అంటున్నాను. ఈ భాగం దాని గురించే.

ఆ గొంతుకి నాకు దొరికిన మంచి ఉదాహరణ మన దేశంలోది కాదు. 1963లో అమెరికాలో రికార్డు చేసిన ఒక జాజ్ ఆల్బం. పేరు ‘జాన్ కోల్ట్రేన్ అండ్ జానీ హార్ట్‌మన్’. కోల్ట్రేన్ సాక్సోఫోన్ వాయిస్తాడు, హార్ట్‌మన్ పాడతాడు. ఇద్దరూ నల్లవాళ్లు. ఆరే పాటలు. మొత్తం ముప్పై ఒక్క నిమిషాలు.

జాజ్ అనగానే మనలో చాలామందికి పాత సినిమాల్లో క్లబ్ డాన్సు గుర్తొస్తుంది. విలన్ సిగరెట్ కాలుస్తుంటాడు, వెనకాల ట్రంపెట్ మోగుతుంటుంది. ఇది అది కాదు. ఇందులో డాన్సు చెయ్యడానికి ఏమీ లేదు. యూనివర్సిటీ హాస్టల్లో పీహెచ్‌డీ రోజుల్లో ఒక మిత్రుడు నా ఫోన్లోకి ఎక్కించాడు. చాలాకాలం అలా ఉండిపోయింది. ఉద్యోగం వచ్చి రోజూ రైల్లో తిరగడం మొదలయ్యాక వినడం మొదలెట్టాను. సాయంత్రం అనకాపల్లిలో పాసింజరెక్కి మొదటి పాట పెడితే, కశింకోట, నరసింగపల్లి దాటి ఎలమంచిలి వచ్చేసరికి ఇంచుమించు ఆరూ అయిపోతాయి. రైలుని ఏ సూపర్‌ఫాస్టు కోసమో లూప్‌లైన్లో పడేస్తే మళ్లీ మొదటి నుంచి.

ఇందులో ఏముంది?

హార్ట్‌మన్‌ది లోతైన గొంతు. మా ఊరి పెద్ద చెరువులో సాయంత్రం నీళ్లలా ఉంటుంది. కదులుతుంది, చప్పుడుండదు. ఎక్కడా గొంతు చించుకోడు. ఇంకో సాయకుడైతే చప్పట్ల కోసం స్వరాన్ని పైకెత్తే చోట ఈయన కిందకి దిగుతాడు. డ్రమ్స్ వాయించే ఎల్విన్ జోన్స్ మామూలుగా ఉరుములాంటి మనిషి. ఇక్కడ సన్న తీగల బ్రష్షులతో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు వాయిస్తాడు. మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్. నలుగురు వాద్యకారులు, ఒక గాయకుడు. ఎవరూ ఎవరి మీదా పడరు.

‘మై వన్ అండ్ ఓన్లీ లవ్’ అనే పాటలో గాయకుడు రెండు నిమిషాల పైచిలుకు నోరే తెరవడు. కోల్ట్రేన్ ఆ పాటంతా సాక్సోఫోన్ మీద ఒకసారి పాడేస్తాడు. అప్పుడు హార్ట్‌మన్ అందుకుంటాడు. గాయకుడి పేరు అట్ట మీద ఉన్న రికార్డులో గాయకుడు అంతసేపు ఊరికే నిలబడి విన్నాడన్నమాట. మన మీటింగుల్లో మైకు చేతికొచ్చాక అవతలివాడి మాట అంతసేపు విన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నాతో కలిపి.

మైకు అన్నాను కదా, అసలు ఈ మెత్తదనం మైకు పుణ్యమే. 1925కి ముందు రికార్డింగ్ అంటే ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడటం. ఎలక్ట్రిక్ మైకు వచ్చాక ఊపిరి కూడా రికార్డయింది. గాయకుడు హాలు చివరి వరసకి కాక ఒక్క చెవికి పాడే వీలొచ్చింది.

తెలుగులో ఈ గొంతు లేదనుకోకండి. ఎ.ఎం.రాజాని గుర్తు తెచ్చుకోండి. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో ఎన్టీఆర్‌కి ఆయనే పాడాడు. సంగీతం మన సాలూరి రాజేశ్వరరావు. పద్యాలతో పందిరంతా నింపే ఘంటసాల గొంతుకి అలవాటుపడ్డ చెవులకి రాజా గొంతు వెన్నెల్లో ఎవరో పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది. హార్ట్‌మన్ ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే నేను రాజా పేరే చెబుతాను.

కానీ తెలుగు మాస్టారుగా ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ సినిమాలో నాయిక మేరీ. క్రైస్తవ అమ్మాయి, చదువుకుంది, పౌరుషం ఉంది. ఆ వెన్నెల, ఆ డాబా, ఆ మెత్తటి పాటలు అన్నీ ఆమె చుట్టూనే. చివరికి తేలేదేమిటి? ఆమె మేరీయే కాదు. జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. కెనడా బాప్టిస్టు మిషన్ తిరిగిన మా ఎలమంచిలి ప్రాంతపు పేటల్లో మేరీలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఏ మేరీకీ తప్పిపోయిన జమీందారు నాన్న ఉండడు. ఆ వెన్నెల ఆమెకి మేరీగానే దక్కి ఉంటే ఎలా ఉండేదో ఆ సినిమా చెప్పలేదు. నాకు ఆ పాటలంటే ఇప్పటికీ ప్రాణం. ప్రశ్న కూడా అలాగే ఉంది.

మెత్తదనం ఎవరికి దక్కుతుందన్నదే ఆ ప్రశ్న.

కవి సమ్మేళనాలకి నన్ను పిలుస్తుంటారు. ఒక చోట నిర్వాహకుడు చాలా మర్యాదగా చెప్పాడు, "సార్, మీరు చివర్న చదవండి. గట్టిగా ఉండాలి. సభ లేచి కూచోవాలి" అని. నాకంటే ముందు చదివినవాళ్లు వాన మీద చదివారు, అమ్మమ్మ గారి పెరట్లో పారిజాతం మీద చదివారు. మెల్లగా, కళ్లజోడు సర్దుకుంటూ చదివారు. వాళ్లని గట్టిగా చదవమని ఎవరూ అడగలేదు. ఆ రోజు నా చేతిలో ఉన్నది మా అయ్య సైకిల్ మీద రాసుకున్న పద్నాలుగు లైన్లు. అందులో నినాదం లేదు. చదివాను. చప్పట్లు పడ్డాయి గానీ, కింద దిగాక ఒకాయన "ఇవాళ మీలో ఫైర్ తగ్గిందండీ" అన్నాడు. ఆయన దృష్టిలో నేను డ్యూటీ ఎగ్గొట్టాను.

దండోరా ఇంకా నడుస్తూనే ఉంది. ఊరి పేరే మారింది, సాహిత్యం అని.

అపార్థం చేసుకోవద్దు. గొంతెత్తడాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ తర్వాత మనం మెల్లగా మాట్లాడి ఉంటే ఎవరు వినేవారు? 1995లో ‘చిక్కనవుతున్న పాట’, మరుసటేడు ‘పదునెక్కిన పాట’ వచ్చాయి. తెలుగు కవిత్వం పీట కదిలిపోయింది. 1994లో ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఊరు మన నెత్తిన పెట్టిన ఆ దండోరా అన్న మాటనే తీసుకుని, మన కబురు మనమే చాటుకునేలా తిరగేసింది. నా పీహెచ్‌డీ, నా ఉద్యోగం, ఈ రాతలు అన్నీ ఆ గొంతుల మీద నిలబడినవే. ఆ గొంతులు తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చాక కూడా గుమ్మం దగ్గరే నిలబడి అరుస్తూ ఉండాలా, లోపల కూర్చుని మాట్లాడుకోవచ్చా అన్నదే నా బాధ.

మా ఉద్యమంలో ఒక సీనియర్ అన్న ఉన్నాడు. ఈ ఆల్బం సంగతి చెబితే సూటిగా అడిగాడు: "తమ్ముడూ, ఇళ్లు తగలబడతా ఉంటే ప్రేమపాటలేటి?"

న్యాయమైన ప్రశ్న. అందుకే ఆయనకి ఆ ఏడాది క్యాలెండర్ చెప్పాను. మీకూ చెబుతాను.

ఈ రికార్డింగ్ జరిగింది 1963 మార్చి 7న, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో. ఏప్రిల్లో బర్మింగ్‌హామ్ ఉద్యమం, మార్టిన్ లూథర్ కింగ్ అరెస్టు, జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరం. ఆగస్టు 28న వాషింగ్టన్ ప్రదర్శన. సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో తెల్ల దురహంకారులు బాంబు పెట్టారు, నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. నవంబరు 18న కోల్ట్రేన్ అదే స్టూడియోకి వెళ్లి ‘అలబామా’ అనే రచన రికార్డు చేశాడు. మాటల్లేవు. శవం దగ్గర కూర్చుని ఒక పెద్దాయన తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుంటుంది. విన్నవాళ్లకి తెలుస్తుంది, అది కూడా అరుపు కాదు. మార్చిలో ప్రేమపాట వాయించిన మనిషే నవంబరులో ఆ పిల్లల కోసం వాయించాడు. అదే సాక్సోఫోన్, అదే ఊపిరి. మార్చిలో అంత దగ్గరగా మాట్లాడటం వచ్చినవాడు కాబట్టే నవంబరులో అంత దగ్గరగా ఏడవగలిగాడని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఆల్బంలో ‘లష్ లైఫ్’ అనే పాట ఉంది. రాసింది బిల్లీ స్ట్రేహార్న్ అనే నల్ల కుర్రాడు, ఇరవై ఏళ్లు నిండని వయసులో మొదలెట్టి. ఈ ఆరింటిలో నల్లవాడు రాసిన పాట ఇదొక్కటే. మిగతావి తెల్లవాళ్లు రాసిన పాటలు. స్టూడియోకి వెళ్తుంటే కారు రేడియోలో నాట్ కింగ్ కోల్ గొంతులో ‘లష్ లైఫ్’ విని, దీన్నీ కలుపుదామనుకున్నారట.

ఆ నాట్ కింగ్ కోల్ ఎవరో తెలుసా? అమెరికాలో పట్టులాంటి గొంతంటే ఆయనదే. పుట్టింది అలబామాలోనే. 1956 ఏప్రిల్ 10న అదే బర్మింగ్‌హామ్‌లో, తెల్లవాళ్లే కూర్చున్న హాల్లో పాడుతుంటే, కొందరు తెల్లవాళ్లు స్టేజీ ఎక్కి ఆయన్ని పడగొట్టారు. ఆయన నినాదం ఇవ్వలేదు. జెండా పట్టుకోలేదు. ప్రేమపాట పాడుతున్నాడు, అంతే.

నాకు అర్థమైంది ఇది: అరిచే నల్లవాడు వాళ్లకి తెలుసు, వాడికి పోలీసులున్నారు. వంగే నల్లవాడూ తెలుసు, వాడికి వంటిల్లుంది. నిటారుగా నిలబడి, శుభ్రమైన కోటు వేసుకుని, మెల్లగా ప్రేమ గురించి పాడే నల్లవాడితో ఏం చెయ్యాలో వాళ్లకి తెలీలేదు. ఆ మెత్తటి గొంతులో సమానత్వం వినపడింది. అందుకే దూకారు.

మన దగ్గర 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపింది నినాదం ఇచ్చినందుకా? ప్రేమించి, పెళ్లి చేసుకుని, భార్యని ఆస్పత్రిలో చూపించి బయటికొస్తున్నందుకు. మనవాడి మెత్తదనం ఊరికి ఎంత ప్రమాదంగా కనపడుతుందో దీన్నిబట్టి లెక్కేసుకోండి. కాబట్టి అన్నా, ప్రేమపాట ఉద్యమానికి సెలవు రోజు కాదు. ఉద్యమం దేని కోసమో అదే అది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అయ్య ముప్పై ఏళ్లు రేకుల షెడ్డు కింద ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేశాడు. చెవిలో పెట్టుకోవడానికి దూది ముక్క కూడా ఇంటి నుంచే పట్టుకెళ్లేవాడు. ఎడం చెవి పోయింది, కుడిచెవి సగం. అందుకని ఇంట్లో గట్టిగా మాట్లాడతాడు. చిన్నప్పుడు నేను అది కోపమనుకునేవాణ్ణి కాదు, మా వీధిలో నాన్నలందరూ అలాగే మాట్లాడేవారు. మా అమ్మ మాత్రం "మెల్లగా, ఊరంతా ఇంటంది" అనేది. నిశ్శబ్దం కూడా ఆస్తే. ఏసీ గదిలో పనిచేసినవాళ్లకి అరవయ్యేళ్లకీ చెవులుంటాయి. సన్నటి సంగీతం గొప్పదనం గురించి వ్యాసాలు రాసేది కూడా వాళ్లే.

పోయిన సంక్రాంతికి హెడ్‌ఫోన్ పెట్టి, సౌండు మొత్తం పెంచి, ఈ ఆల్బం ఆయనకి వినిపించాను.

"ఏట్రా ఇది?"

"పాటలయ్యా. అమెరికా ఆయన. మనలాంటోడే."

కళ్లు మూసుకున్నాడు. ఒక పాట అయింది, రెండోది అయింది. ఒక్క మాట అర్థం కాదు ఆయనకి, ఎంత వినపడిందో కూడా నాకు తెలీదు. తీసేద్దామని చెయ్యి పెడితే ఆపాడు. తర్వాత తనే తీసి, అలవాటుగా గట్టిగా అన్నాడు:

"ఈడెవుల్నీ బతిమాల్డం లేదురా. అలాగని ఎవుల్నీ అదిలించడం కూడా లేదు."

నేను పీహెచ్‌డీలో నాలుగొందల పేజీలు రాశాను. ఇంత సూటి వాక్యం అందులో ఒక్కటీ లేదు.

ఆ మాట నన్ను తిన్నగా జాషువా దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ‘స్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో ఎన్ని ఊళ్లు మోగించాయో మన పెద్దాళ్లకి తెలుసు. రాగం తీస్తే మైలు దూరం వినపడాలి, వన్స్‌మోర్ పడాలి. జాషువా అంటే మనకి ఆ ఎత్తు గొంతే అలవాటైపోయింది. కానీ 1941 నాటి ‘గబ్బిలం’ ఏం చేస్తుందో ఒకసారి చూడండి. గుళ్లోకి రానివ్వని మనిషి తన కష్టం చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పిలుస్తాడు. నువ్వు గుళ్లో తలకిందులుగా వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేనప్పుడు నా కథ చెప్పు అంటాడు. గుడి ముందు నిలబడి అరవమనలేదు. కాళ్ల మీద పడమనలేదు. చెవిలో చెప్పమన్నాడు. తెలుగులో మనవాళ్ల మొదటి మహాకావ్యం మూడో గొంతులో ఉంది. మనం దాన్ని మొదటి గొంతులో పాడుతున్నాం. జాషువాకి దొరికిన మైకు ఆ గబ్బిలం.

ఈ ఏడాది క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు ఒక పిల్ల లేచి చదివింది. పేట నుంచి వచ్చే పిల్ల, సన్నటి గొంతు. ప్రతి క్లాసులోనూ "గట్టిగా చదువు" అనిపించుకుంటుంది. నేను ఆ మాట అనలేదు. "నీ పక్కనున్న అమ్మాయి చెవిలో చెబుతున్నట్టు చదువమ్మా" అన్నాను. చదివింది. వెనక బెంచీలవాళ్లు మొదట ఫ్యాను ఆపేశారు. తర్వాత ఒక్కొక్కరే ముందుకి జరిగారు. అరవకుండా అవతలివాణ్ణి తన దగ్గరికి రప్పించుకోవడం ఆ పిల్లకి ఆ రోజు తెలిసింది. నాకూ మరోసారి తెలిసింది.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. బాబాసాహెబ్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నాడు. ఉన్నమాటే, కథ కాదు. రాజ్యాంగం, పార్టీ, కేసులు, జబ్బు, ఇన్నింటి మధ్య ఆ మనిషి గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని సరిగమలు సాధన చేశాడు. మన ప్రతి పేటలోనూ ఆయన విగ్రహం ఉంది. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చెయ్యి పార్లమెంటు వైపు. ఆ వేలు మనకి కావాలి, ఎప్పటికీ. కానీ వయొలిన్ పట్టుకున్న విగ్రహం నేను ఒక్కటీ చూడలేదు. ఆయన మనకి ఓటు, చదువు, ఉద్యోగంతోపాటు సాయంత్రం కాసేపు కూర్చుని తీగ మీటుకునే హక్కు కూడా ఇచ్చిపోయాడు. అదొక్కటే మనం ఇంకా క్లెయిమ్ చేసుకోలేదు.

వచ్చే ఏప్రిల్ 14న మా పేటలో డీజే ఉంటుంది, ర్యాలీ ఉంటుంది, నేనూ గొంతు పోయేదాకా అరుస్తాను. రాత్రి బాక్సులు కట్టేశాక ఒక అరగంట మాత్రం కుర్రాళ్లని అడుగుతున్నాను. విగ్రహం గట్టు మీద చాప వేసుకుని కూర్చుందాం. ఒకళ్లు గబ్బిలం చదువుతారు. ఒకళ్లు పాడతారు, చర్చి పాటయినా, సినిమా పాటయినా. మా అయ్య ముందు వరసలో ఉంటాడు, కుడిచెవి ఇటు తిప్పుకుని.

జై భీమ్.